స్లాబు కాగకముందే: మిద్దె మీద పచ్చకప్పు గురించి

అందరికీ నమస్కారమండీ. ఆదివారం సాయంత్రం పనులన్నీ పక్కన పెట్టి వచ్చారు, చాలా సంతోషం. ఇక్కడున్నవాళ్ళలో సగం మందికి మిద్దె తోట ఉందని ఇందాకే చెప్పారు, కాబట్టి మొక్క ఎట్లా పెంచాలో నేను చెప్పాల్సిన పని లేదు, అది మీకే బాగా తెలుసు. నేను సివిల్ ఇంజనీర్ని, ఇరవై ఏళ్ళుగా ఇళ్ళు కట్టిస్తున్నాను, నాకు తెలిసింది స్లాబు. ఆ స్లాబు మీద పచ్చగా ఏదైనా ఉంటే, అంటే మొక్కలతో కప్పిన పచ్చకప్పు ఉంటే, కింద గదిలో వేడికి ఏమవుతుంది అనే ఒక్క విషయమే మాట్లాడదామని వచ్చాను.

ముందు ఒక చిన్న పని చెప్తా. మే నెలలో, పై అంతస్తులో ఉండేవాళ్ళు, రాత్రి 9 గంటలప్పుడు ఒక స్టూలు ఎక్కి సీలింగుకి అరచెయ్యి ఆనించి చూడండి. బయట గాలి అప్పటికి కొంచెం చల్లబడి ఉంటుంది, బాల్కనీలో నిలబడితే ప్రాణం లేచొస్తుంది, కానీ ఆ సీలింగు మాత్రం అప్పుడే పొయ్యి మీంచి దించిన అన్నం గిన్నె మూతలాగా ఉంటుంది. ఫ్యాన్ వేస్తే వేడి గాలి కొడుతోంది అని అంటాం కదా, ఫ్యాన్ ఏం చేస్తుంది పాపం, సీలింగుకి ఆనుకుని ఉన్న గాలినే కిందికి తోస్తుంది. ఇంకోటేంటంటే గాలితో సంబంధం లేకుండా కూడా ఆ సీలింగు వేడి మన ఒంటి మీద పడుతూనే ఉంటుంది, చలిమంట దగ్గర కూర్చుంటే మొహానికి సెగ తగిలినట్టు. అందుకే గదిలో థర్మామీటరు 34 చూపిస్తున్నా ఒళ్ళు మాత్రం ఇంకా ఎక్కువ ఉందనే చెప్తుంది.

ఇదంతా మధ్యాహ్నం ఎండ. మిట్టమధ్యాహ్నం మన దగ్గర చదరపు మీటరు స్లాబు మీద సుమారు 1000 వాట్ల ఎండ పడుతుంది, నల్లబడిన పాత సిమెంటు అందులో చాలా భాగం తాగేస్తుంది, పైన 60 డిగ్రీలు దాటడం మామూలే. ఆ వేడి అయిదంగుళాల కాంక్రీటు గుండా కిందికి దిగడానికి మూడు నాలుగు గంటలు పడుతుంది. అంటే ఒంటిగంటకి కాగింది సాయంత్రం అయిదుకి మన నెత్తిమీదికి వస్తుంది, వచ్చి అర్ధరాత్రి దాకా పోదు. పగలంతా ఆఫీసులో ఉండి ఇంటికొచ్చి పడుకునే టైముకి సరిగ్గా ఆ వేడి చేరుతుందన్నమాట.

కాంక్రీటు అంత మందంగా ఉంటుంది కదా, వేడిని ఆపదా అని నన్ను చాలామంది అడుగుతారు. లెక్క వేసి చూస్తే నాకే బాధేస్తుంది. అయిదంగుళాల స్లాబు వేడికి ఎంత అడ్డుపడుతుందో, మూడు మిల్లీమీటర్ల థర్మోకోల్ షీటు అంతే అడ్డుపడుతుంది. మూడు మిల్లీమీటర్లు! అంటే బరువు మోయడానికి కాంక్రీటు రాయి లాంటిది, వేడి విషయంలో మాత్రం తెరిచిన తలుపే. 60 డిగ్రీల పైభాగం, 35 డిగ్రీల గది, మధ్యలో ఈ స్లాబు, ఉజ్జాయింపుగా చదరపు మీటరుకి 100 వాట్లు లోపలికి దిగుతాయి. పది పన్నెండు అడుగుల గదికి అది కిలోవాటు దాటుతుంది. పాతకాలం ఇస్త్రీ పెట్టె ఒకటి స్విచ్ ఆపకుండా సీలింగుకి వేలాడదీస్తే ఎంత వేడో అంత, ఇక దాన్ని తోడిపోయడానికి ఏసీ పెట్టి బిల్లు కడుతున్నాం. మన దేశంలో ఇళ్ళ కోసం 2018లో ఎకో నివాస్ సంహిత అని ఒక కోడ్ తెచ్చారు, అందులో పైకప్పు గుండా వేడి ఎంత పోవచ్చు అనేదానికి ఒక హద్దు పెట్టారు, చదరపు మీటరుకి, లోపలికీ బయటికీ తేడా ఉన్న ఒక్కో డిగ్రీకి 1.2 వాట్లు. మనం మామూలుగా వేసే వట్టి స్లాబుకి అది 3.5 దాకా వస్తుంది, దాదాపు మూడింతలు. పిల్లర్లకి, స్టీలుకి అంత ఖర్చు పెట్టి, గృహప్రవేశానికి ఇంత ఖర్చు పెట్టి, ఈ ఒక్కదాని గురించి ఇంటాయన అడగడు, మేస్త్రీ చెప్పడు, చాలాసార్లు ఇంజనీరు కూడా చెప్పడు.

మా జేజి వాళ్ళ ఇల్లు మట్టి మిద్దె. కర్నూలు వైపు, అనంతపురం వైపు పెరిగినవాళ్ళకి చెప్పక్కర్లేదు. రాతి గోడలు, పైన దూలాలు, వాటి మీద కట్టెలు పరిచి, ఆకు పరిచి, దాని మీద అడుగు మందం మట్టి, అన్నిటికంటే పైన చవుడు. మధ్యలో వెలుతురుకి గవాక్షి. ఎండాకాలం సెలవులకి పోతే మధ్యాహ్నం ఆ నట్టింట్లో నాపరాయి బండ మీద పడుకుంటే దుప్పటి కావాలనిపించేది. వానలు మొదలయ్యే ముందు బండితో చవుడు తోలించి మిద్దె మీద పోసి సరిచేసేవాళ్ళు. చవుడు ఎందుకంటే, ఆ మట్టిలో సోడియం ఎక్కువ, తడి తగలగానే బంకమట్టి రేణువులు విడిపోయి సందులన్నీ మూసేస్తాయి, ఇక నీళ్ళు దిగవు. డబ్బాలో కొనే వాటర్‌ప్రూఫింగ్ లేని రోజుల్లో మన పెద్దవాళ్ళు ఊరి బయట పనికిరాని నేల నుంచి తెచ్చుకున్న వాటర్‌ప్రూఫింగ్ అది. నాకు ఇది ఎప్పుడు తలుచుకున్నా గర్వంగా ఉంటుంది. ఇంకో మాట, మిద్దె మీద గడ్డి మొలిస్తే జేజి ఊరుకునేది కాదు, పైకి ఎక్కించి పీకించేది, వేరు దిగితే ఆ సందులోంచి మిద్దె ఉరుస్తుందని. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

మరి మట్టి వేస్తే చాలు కదా, చల్లగా ఉంటుంది కదా అంటారు. ఇక్కడే చాలామంది పొరబడతారు. పొడి మట్టి వేడిని బాగానే ఆపుతుంది, ఎందుకంటే రేణువుల మధ్య గాలి ఉంటుంది. మనం మొక్కలు పెట్టి రోజూ నీళ్ళు పోస్తాం, ఆ గాలి ఉన్న చోటికి నీళ్ళు వస్తాయి, నీళ్ళు గాలి కంటే వేడిని చాలా ఎక్కువగా పోనిస్తాయి. నాలుగంగుళాల తడి మట్టి అంటే వేడి లెక్కలో ఇంకో స్లాబు వేసినట్టే, అంతకన్నా పెద్దగా ఏం లేదు. జేజి వాళ్ళ మిద్దె చల్లగా ఉండింది అడుగు మందం, అదీ ఎండాకాలం ఎండిపోయిన మట్టి కాబట్టి. మన స్లాబు మీద అడుగు మట్టి పోయలేం, కూలిపోతుంది.

అయినా పచ్చకప్పు పనిచేస్తుంది, చాలా బాగా పనిచేస్తుంది, ఎట్లా అంటే అది వేడిని మధ్యలో ఆపడం కాదు, అసలు స్లాబుని కాగనివ్వదు. ఎండ ఆకు మీదే పడిపోతుంది. ఆకు దాన్ని తీసుకుని నీటిని ఆవిరి చేస్తుంది. ఒక లీటరు నీళ్ళు ఆవిరవ్వాలంటే 0.67 యూనిట్ల వేడి కావాలి. టన్నున్నర ఏసీ ఫుల్లుగా నడిస్తే గంటకి సుమారు 5.3 యూనిట్ల వేడిని బయటికి తోస్తుంది, అంటే గంటకి ఎనిమిది లీటర్లు ఆవిరైతే టన్నున్నర ఏసీ తోడే వేడితో సమానం. ఈ లెక్క చెప్పి మొక్కలు పెడితే ఏసీ అక్కర్లేదు అని నేను అనను, ఎందుకంటే ఆ ఆవిరి తీసుకునేది ఎక్కువగా పైన పడే ఎండని, గదిలో ఉన్న వేడిని కాదు. కానీ ఆ ఎండ స్లాబులోకి దిగలేదు కదా, మనకి కావాల్సింది అదే. 60 ఉండాల్సిన స్లాబు పైభాగం బయటి గాలి వేడికి కాస్త అటూ ఇటూగా ఉండిపోతుంది. ఇందాక చెప్పిన ఇస్త్రీ పెట్టె అక్కడ ఒక పాతకాలం బల్బు అంత అయిపోతుంది.

దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ చికాగో. అక్కడ 1995 జులైలో వడగాడ్పులకి 700 మందికి పైగా చనిపోయారు. తర్వాత ఆ సిటీ వాళ్ళు తమ సిటీ హాల్ పైన 20,300 చదరపు అడుగుల్లో తోట వేశారు. ఆ బిల్డింగు విశేషం ఏంటంటే, అది చూడ్డానికి ఒకటే కట్టడం, కానీ సగం సిటీది, సగం కౌంటీది. సిటీ సగం మీద మొక్కలు, కౌంటీ సగం మీద మామూలు నల్ల తారు. ఒకే ఎండ, ఒకే గాలి, పక్కపక్కనే. 2001 ఆగస్టులో ఒక ఎండ రోజు కొలిస్తే తారు వైపు 76 డిగ్రీలు, మొక్కల వైపు చోటుని బట్టి 33 నుంచి 48. ఇంతకంటే తేటగా చూపించే సాక్ష్యం ఇంకేం కావాలి చెప్పండి.

కెనడాలో ఒట్టావాలో అక్కడి జాతీయ పరిశోధన మండలి వాళ్ళు 2000 చివర్లో మొదలుపెట్టి దాదాపు రెండేళ్ళు కొలిచారు, ఒకే కప్పుని సగం మట్టి, గడ్డితో, సగం మామూలుగా ఉంచి. పైనుంచి లోపలికి దిగే వేడి 95 శాతం తగ్గింది, లోపలి నుంచి చలికాలం బయటికి పోయే వేడి మాత్రం 26 శాతమే తగ్గింది. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి, ఇందాక నేను చెప్పిందే అది. ఎండని ఆపడంలో పచ్చకప్పు మొనగాడు, దుప్పటిలా కప్పడంలో మాత్రం అంతంతమాత్రం. చలి దేశాల కంటే ఇది మనకే ఎక్కువ పనికొస్తుంది. ఇంకోటి కూడా వాళ్ళు చూశారు, వాటర్‌ప్రూఫింగ్ పొర వేడి ఎండాకాలంలో వట్టి కప్పు మీద రోజుకి 45 డిగ్రీలు ఎక్కి దిగుతుంటే, మట్టి కింద 6 డిగ్రీలే మారింది. పగలు వ్యాకోచం, రాత్రి సంకోచం, మన స్లాబులకి సన్న పగుళ్ళు వచ్చేది చాలావరకు ఇట్లాగే, అంటే సరిగ్గా వేస్తే కప్పు ఆయుష్షు కూడా పెరుగుతుంది.

గ్రీసులో 2001లో చేసిన పరిశోధన ఒకటి ఉంది, అది ఇళ్ళు కట్టుకునేవాళ్ళు తప్పక తెలుసుకోవాలి. ఇన్సులేషన్, అంటే వేడిని ఆపే పొర, లేని బిల్డింగు మీద పచ్చకప్పు వేస్తే చల్లబరచడానికి, వేడి చేయడానికి అయ్యే ఎనర్జీలో ఆదా 37 శాతం దాకా వచ్చింది, ముందే బాగా ఇన్సులేషన్ ఉన్నదాని మీద వేస్తే 2 శాతం కూడా రాలేదు. మన ఇళ్ళన్నీ మొదటి రకమే, ఇన్సులేషన్ అనే మాటే లేదు కాబట్టి లాభం మనకే ఎక్కువ. అలాగే అది పై అంతస్తుకే. అయిదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో పైన తోట వేసి కింద రెండో అంతస్తు చల్లబడాలంటే జరగదు.

హైదరాబాద్‌లో చూడాలనుకునేవాళ్ళు కొండాపూర్ దగ్గర సీఐఐ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ చూడండి, 2004లో అబ్దుల్ కలాం గారు ప్రారంభించారు, పర్యావరణానికి మేలు చేసే బిల్డింగులకి ఇచ్చే లీడ్ రేటింగులో పై మెట్టయిన ప్లాటినం అమెరికా బయట వచ్చిన మొదటి బిల్డింగు అదే. దాని కప్పులో సగానికి పైగా పచ్చిక ఉంటుంది. ఇరవై ఏళ్ళు దాటింది, మన ఊళ్ళోనే ఉంది, మన ఎండలోనే ఉంది.

ఇప్పుడు మీ మిద్దె తోటల దగ్గరికి వద్దాం. గ్రో బ్యాగులు, బకెట్లు, థర్మోకోల్ పెట్టెలు, సగానికి కోసిన నీలం డ్రమ్ములు, అన్నీ వరసగా పెట్టి మధ్యలో నడవడానికి దారి వదులుతారు. పంట బాగా వస్తుంది, కింద గది మాత్రం అంత చల్లబడదు, ఎందుకో చెప్తాను. మధ్యాహ్నం మూడింటికి ఒక గ్రో బ్యాగుని పక్కకి జరిపి, దాని కింద స్లాబు మీద చెయ్యి పెట్టండి, చల్లగా, చెమ్మగా ఉంటుంది. అక్కణ్ణించి జానెడు దూరంలో దారి మీద చెయ్యి పెట్టండి, రెండు సెకన్లు ఆనించలేరు. స్లాబుకి మీ తోటలో ఎన్ని రకాల టమాటాలు ఉన్నాయో తెలీదు, ఎంత మేర కప్పారు అనేదే దానికి తెలుసు. కుండీల తోటలో చాలాసార్లు మూడొంతులు వట్టి స్లాబే కనిపిస్తుంది. మీరు కూరగాయల కోసం పెట్టుకుంటే అది మంచిదే, చల్లదనం కోసం అయితే కప్పాలి, సందు లేకుండా కప్పాలి.

కప్పడానికి అంతటా మట్టి పోయాలా? వద్దు, దయచేసి వద్దు. కట్టడాలు మోయాల్సిన బరువుల గురించి మన దేశంలో ఉన్న కోడ్ ప్రకారం మనుషులు తిరిగే మిద్దెకి లైవ్ లోడు, అంటే స్లాబు తన బరువు కాక పైన మోయాల్సిన బరువు, చదరపు మీటరుకి 150 కిలోలు. తడిసిన తోట మట్టి నాలుగంగుళాలు వేస్తే అదొక్కటే 160 నుంచి 190 కిలోలు అవుతుంది, ఇంక మనుషులు ఎక్కడ నిలబడాలి? సగం డ్రమ్ములో తడి మట్టి 170 కిలోలు, అదీ ఒకేచోట. అందుకే బరువైనవి ఎప్పుడూ పిల్లరు మీద, బీము మీద, గోడ వరస మీద పెట్టండి, గది నడిమధ్యన పెట్టకండి. అంతటా పొరలా వేయాలనుకుంటే కోకోపీట్ అనే కొబ్బరి పొట్టు, కంపోస్టు, పెర్లైట్ అనే తేలికైన తెల్ల గుళికలు కలిపిన మిశ్రమం వాడాలి, అప్పుడు కూడా స్ట్రక్చరల్ ఇంజనీరుకి డ్రాయింగ్ చూపించే ముందుకు వెళ్ళాలి. పాత ఇల్లు, కాగితాలు లేవు అంటారా, పందిరి వేయండి.

పందిరికి నేను గట్టిగా ఓటేస్తాను. పిల్లర్ల మీద నాలుగు పెద్ద కుండీలు, వాటిలో బీర, సొర, కాకర, దొండ, తీగబచ్చలి, పైన ఏడడుగుల ఎత్తులో తీగలు లాగి కట్టడం. వంద చదరపు అడుగుల నీడకి రెండు మూడు కుండీల బరువే స్లాబు మోస్తుంది. ఆకుకీ స్లాబుకీ మధ్య గాలి ఆడుతుంది కాబట్టి వేడి కొట్టుకుపోతుంది. రాత్రిపూట వట్టి స్లాబు ఆకాశం వైపు వేడి వదిలి చల్లబడుతుంది, మట్టి, మొక్కలతో మూసేసిన స్లాబు అంత వేగంగా వదల్లేదు, ఇది పచ్చకప్పులో ఉన్న లోపం, చెప్పకపోతే తప్పవుతుంది. పందిరికి ఆ ఇబ్బంది కొంత తక్కువ.

లీకేజీ గురించి, జేజి మాట. మా సొంత ఇంటి మీద నేనే వేసుకున్న తోటలో జరిగింది చెప్తాను. పొరలన్నీ సరిగ్గానే వేశాం, వాటర్‌ప్రూఫింగ్, దానిమీద వేరు దిగకుండా షీటు, నీళ్ళు పోవడానికి డ్రైన్ సెల్, మట్టి జారకుండా గుడ్డ. కానీ నీళ్ళు పోయే గొట్టం మూతి దగ్గర ఖాళీ వదల్లేదు. సెప్టెంబరులో ఒక రాత్రి వాన దంచి కొట్టింది, కాకర ఆకులన్నీ కొట్టుకొచ్చి ఆ మూతికి అడ్డం పడ్డాయి, తెల్లారేసరికి మూలలో జానెడు నీళ్ళు నిలబడ్డాయి, పిట్టగోడ కింద కీలు సందులోంచి లోపలికి దిగాయి. రెండు నెలలకి పడకగది మూలలో పెచ్చులూడి, తుప్పుపట్టిన ఊచ బయటపడింది. మా అమ్మ ఆ గదిలోనే పడుకునేది. ఆ పెచ్చు మంచం పక్కన పడింది, మంచం మీద పడలేదు. అప్పటి నుంచి ఎవరింట్లో చేసినా గొట్టం మూతి చుట్టూ మూరెడు మేర మట్టి రానివ్వను, కంకర పోసి జాలీ పెట్టిస్తాను, వారానికోసారి చేత్తో తీసి చూడమని చెప్తాను. మట్టి ఎక్కించే ముందు మిద్దె అంతా నీళ్ళు నింపి కనీసం 48 గంటలు ఉంచి కింద చెమ్మ వస్తుందేమో చూడాలి, దీన్ని పాండింగ్ టెస్ట్ అంటాం, ఎవరెంత తొందరపెట్టినా ఇది వదలకండి.

ఇంక నీళ్ళు. మే నెలలో పచ్చగా ఉండాలంటే చదరపు మీటరుకి రోజుకి అయిదు లీటర్లు కావాలి. వెయ్యి చదరపు అడుగుల మిద్దెకి 450 లీటర్లు పైన. ట్యాంకర్ కొనుక్కునే కాలనీల్లో ఇది చిన్న విషయం కాదు. బట్టలు కడిగిన చివరి నీళ్ళు, కూరగాయలు కడిగిన నీళ్ళు వాడండి, ఆర్వో నుంచి వదిలేసే నీళ్ళు మాత్రం రోజూ పోస్తే ఉప్పు పేరుకుంటుంది, మంచి నీళ్ళతో కలిపి వాడాలి. నీళ్ళు అసలు లేవంటే సిగ్గుపడక్కర్లేదు, ఎండని తిప్పికొట్టే తెల్ల కూల్ రూఫ్ పెయింట్ వేయండి. 2017లో హైదరాబాద్ బస్తీల్లో తెల్ల షీట్లు కప్పి చూస్తే గదిలో సగటున 2 డిగ్రీలు తగ్గింది, తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ కూడా తెచ్చింది. ఎండిపోయిన గడ్డి కంటే తెల్ల రంగు వెయ్యి రెట్లు మేలు.

మొక్కల గురించి మీకు చెప్పను అన్నాను, ఒక్కటి మాత్రం చెప్తాను. యూరప్ వాళ్ళు పైకప్పుల మీద సీడమ్ అనే దళసరి ఆకుల మొక్క వేస్తారు, దాన్ని ఇక్కడ తెచ్చి వేస్తే మన ఎండకీ, తర్వాత మన వానకీ తట్టుకోలేక కుళ్ళిపోతుంది. మనకి గంగవాయిలి ఉంది, పావిలికూర అంటారు కొందరు. మూడంగుళాల మట్టిలో చాపలా పరుచుకుంటుంది, నీళ్ళు తగ్గితే ఆకులో దాచుకుని బతికేస్తుంది, దానికి తోడు పప్పులో వేసుకుంటాం. దాని చుట్టమే గడ్డి గులాబి.

ఇప్పుడు ఆ వెనక నిలబడ్డ అన్న ఒక ప్రశ్న అడిగారు, మాది రేకుల ఇల్లు, మాకేం చెప్తారు అని. నేను ముందే చెప్పాల్సిన మాట అది. 2015 మే నెలలో వడదెబ్బకి మన రెండు రాష్ట్రాల్లో కలిపి సుమారు రెండు వేల మంది పోయారు. ఇనుప రేకు మందం చాలాసార్లు మిల్లీమీటరు కూడా ఉండదు, ఎండ తగిలిన పది నిమిషాలకే కింద సెగ. దానిమీద మట్టి వద్దు, బరువు ఆగదు. కానీ పాదు పెట్టొచ్చు. ఊళ్ళల్లో పాకల మీదికి సొరపాదు, గుమ్మడిపాదు పాకించేవాళ్ళు కదా, అదే. వేరు నేలలోనే ఉంటుంది కాబట్టి బరువు లేదు, నీళ్ళు కూడా కింద పోస్తే చాలు. రేకు నేరుగా తగిలితే లేత తీగ మాడిపోతుంది, అందుకని వెదురుబద్దలు అడ్డంగా కట్టి జానెడు ఎత్తున పాకించండి, ఆ సందులో గాలి ఆడుతుంది, రేకుకి తుప్పు కూడా తొందరగా పట్టదు. అంతకుముందే రేకు మీద తెల్ల సున్నం గానీ కూల్ రూఫ్ పెయింట్ గానీ కొట్టి ఉంచండి, పాదు అల్లుకునేదాకా అది కాస్తుంది. గింజ ఉగాదికి పెడితే ఆలస్యమే అన్నా, ఎండలు ముదిరేసరికి తీగ ఇంకా మోకాలి ఎత్తే ఉంటుంది. సంక్రాంతి వెళ్ళిన వారంలో పెట్టండి, పశువుల ఎరువు దండిగా వేసి, పాదుకి రెండు గింజలు. మార్చి ఆఖరుకి కప్పు సగం మూస్తుంది, ఏప్రిల్‌లో కాయలు కూడా వేలాడతాయి.